కొండ లోపల మా నాన్న పని

ప్రతి వర్షాకాలం ఎవరో ఒకరు నాకు కేరళలోని ఇడుక్కి డ్యామ్ ఫొటో పంపిస్తారు. రెండు కొండల మధ్య కాంక్రీట్ వంపు, వెనక నిండుగా పెరియార్ నది నీళ్లు, చుట్టూ అడవి. కింద "ఎంత బాగుందో చూడండి మేడమ్" అని రాస్తారు. నిజంగానే బాగుంటుంది. ఇన్నేళ్లయినా నాకు ఆ బొమ్మ పాతబడలేదు. కాకపోతే అందరూ వంపు మధ్యలోకి చూస్తారు, నా కళ్లు మాత్రం అంచుల దగ్గరికి పోతాయి. కాంక్రీట్ అయిపోయి రాయి మొదలయ్యే చోటికి. మా నాన్న అక్కడే పనిచేశారు. డ్యామ్ మీద కాదు, డ్యామ్ ఆనుకున్న కొండల్లో.

నాన్న గ్రౌటింగ్ మేస్త్రి. గ్రౌటింగ్ అంటే ఇప్పుడు అందరికీ బాత్రూమ్ టైల్స్ మధ్య సందులు పూడ్చడం గుర్తొస్తుంది. డ్యామ్‌ల దగ్గర అది పెద్ద పని. పునాది రాయిలోకి లోతుగా బోర్లు వేస్తారు. వాటిలోకి సిమెంట్ పాలు పంపుతో, ఒత్తిడి పెట్టి ఎక్కిస్తారు. రాయి లోపల ఎక్కడెక్కడ పగుళ్లు, నెర్రెలు ఉన్నాయో అక్కడికల్లా ఆ పాలు చేరి గట్టిపడాలి. పని పూర్తయ్యాక పైకి కనిపించేది ఏమీ ఉండదు. తాపీమేస్త్రి తన గోడ చూపించుకోగలడు, వడ్రంగి తన తలుపు చూపించుకోగలడు. గ్రౌటింగ్ మేస్త్రి ఏం చూపిస్తాడు? అందుకే ఇది రాయాలనిపించింది.

మాది మాచర్ల దగ్గర ఊరు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాక పల్నాడు నుంచి పనికి వెళ్లిన వేలాది మందిలో నాన్న ఒకరు. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ముందు తట్ట మోశారు, తర్వాత జాక్‌హామర్ పట్టారు, ఆ తర్వాత ఒక పెద్దాయన చేతికింద గ్రౌటింగ్ పంపు దగ్గర కుదురుకున్నారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలిన రోజు నేను అమ్మ కొంగు పట్టుకుని ఆ జనంలో ఉన్నానట. నాకేమీ గుర్తులేదు. గుర్తున్నదల్లా ఆ తర్వాత రెండు మూడేళ్లలో మా కాలనీ ఖాళీ అయిపోవడం. సాగర్ పని తగ్గేకొద్దీ మనుషులు తలో దిక్కూ వెళ్లిపోయారు. శ్రీశైలం వెళ్లినవాళ్లు కొందరు, ఉత్తరాదికి వెళ్లినవాళ్లు కొందరు. పక్కింటి పిల్ల నిన్న ఉండేది, ఇవాళ ఉండేది కాదు. డ్యామ్ పనివాళ్ల పిల్లలకి స్నేహితులు అలాగే పోతారు.

నాన్నకి కేరళ నుంచి కబురొచ్చింది. అక్కడ పెరియార్ మీద, ఇడుక్కిలో, కరెంటు కోసం కొత్త డ్యామ్ పని 1969లో మొదలైంది, సాగర్‌లో చేసిన గ్రౌటింగ్ మనుషులు కావాలన్నారు. అమ్మ వద్దంది. "భాష రాని దేశం, అడవి, ఏనుగులంట, ఎందుకండీ" అని రెండు రోజులు గొడవపడింది. నాన్న వెళ్లారు. మేం మాచర్లలోనే ఉండి, ప్రతి వేసవి సెలవులకీ ఆయన దగ్గరికి వెళ్లేవాళ్లం.

ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లంతా బొగ్గు వాసన వేసినట్టుంటుంది. మాచర్ల నుంచి మీటర్ గేజి రైల్లో గుంటూరు, అక్కడి నుంచి మద్రాసు, మద్రాసులో మళ్లీ కొచ్చి బండి. దిగాక బస్సు. తొడుపుళ దాకా రబ్బరు తోటలు, కొబ్బరి చెట్లు. అది దాటి మూలమట్టం వచ్చేసరికి ఎదురుగా గోడ నిలబెట్టినట్టు కొండ. ఆ కొండ మీదికి బస్సు మలుపులు తిరుగుతూ ఎక్కుతుంటే అమ్మ కళ్లు మూసుకుని మాచర్ల చెన్నకేశవస్వామిని తలుచుకునేది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి చూసేదాన్ని. పల్నాడులో ఎర్రటి ఎండలో పుట్టి పెరిగిన పిల్లకి అంత పచ్చదనం ఒక్కసారిగా కళ్లలో పడితే ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. ఏప్రిల్ నెలలో చలి వేయడం నాకు అదే మొదటిసారి.

మాకిచ్చిన క్వార్టర్ రేకుల షెడ్డు. ఒక గది, వెనక వంటకి చిన్న వసారా. పక్క షెడ్డులో తొడుపుళ వైపు మనిషి, నాన్న దగ్గర పంపు ఆపరేటర్. ఆయన్ని మేం చేట్టా అని పిలిచేవాళ్లం, మలయాళంలో అన్నయ్య అని. నాన్న తెలుగు, ఆయన మలయాళం, మధ్యలో ఇద్దరికీ సగం సగం వచ్చిన తమిళం. ఆ మూడూ కలిపి పొద్దుట నుంచి రాత్రి దాకా మాట్లాడుకునేవాళ్లు. ఆయన భార్య మా అమ్మకి కప్ప ఉడికించడం నేర్పింది. కర్రపెండలాన్ని వాళ్లు కప్ప అంటారు. మొదటిసారి "ఇవాళ కప్ప తెస్తా" అన్నప్పుడు అమ్మ మొహం చూసి చేట్టా కంగారుపడిపోయాడు, తనేదో తప్పు మాట అన్నాననుకుని. తర్వాత అమ్మ ఆ కప్పకి గోంగూర పచ్చడి నంజుకు పెట్టి రెండిళ్లకీ కొత్త వంట కనిపెట్టింది.

మొదటిసారి డ్యామ్ సైట్‌కి తీసుకెళ్లినప్పుడు నేను నిరాశపడ్డాను. నాకు తెలిసిన డ్యామ్ సాగర్. సాగర్ రాతికట్టడం. మనుషులు రాయి మీద రాయి పేర్చి లేపిన కొండ అది. అడుగున ఎంత లావో, పైన వరసగా 26 గేట్లు, ఆ చివర నిలబడితే ఈ చివర మనిషి చుక్కలా కనిపిస్తాడు. ఇక్కడ చూస్తే లోయ అడుగు నుంచి పలకల్లాంటి కాంక్రీట్ దిమ్మెలు ఒక్కోటి ఒక్కో ఎత్తులో లేస్తున్నాయి. పల్చగా, వంపు తిరిగి. "ఇంత సన్నగా కడుతున్నారేం నాన్నా, నీళ్లు తోసేయవా?" అన్నాను.

ఆ ప్రశ్న నాన్నకి ఎంత నచ్చిందంటే, సాయంత్రం అందరికీ చెప్పుకున్నారు. నిజానికి అది పెద్ద ప్రశ్నే. ఇడుక్కి ఆర్చ్, అంటే ఆ వంపు గోడ, ఎత్తు 555 అడుగులు. అడుగున మందం 65 అడుగులు మాత్రమే, పైన 25 అడుగులు. సాగర్ లాంటి గ్రావిటీ డ్యామ్ అంత ఎత్తున కట్టాలంటే అడుగున వంద మీటర్లకు పైగా మందం కావాలి. అది తన బరువుతో నిలబడుతుంది, నీళ్లు ఎంత తోసినా కదలనంత బరువు. మరి ఇది దేంతో నిలబడుతుంది?

నాన్న నోటితో చెప్పలేదు. నన్ను క్వార్టర్ గుమ్మంలో నిలబెట్టి, రెండు చేతులూ చాపి రెండు ద్వారబంధాలకీ అరచేతులు ఆనించమన్నారు. "గట్టిగా ఆనించు, మోచేతులు వంచకు" అని, వెనక నుంచి వీపు మీద చెయ్యి పెట్టి తోశారు. నేను ముందుకి పడలేదు. ఇంకొంచెం తోశారు. "ఎక్కడ బరువు పడుతోందమ్మాయ్?" అన్నారు. అరచేతుల్లో అన్నాను. "వీపులో కాదుగా?" కాదు. "ఇప్పుడు ఈ ద్వారబంధం పుచ్చిపోయి ఉందనుకో. ఏమవుతుంది?" నేను తలుపు చెక్క వంక చూశాను. నాకు అర్థమైంది. నేను ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు. తర్వాత ముప్పై ఏళ్లపాటు బడిలో పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను. బలాల గురించి పాఠం వచ్చిన ప్రతిసారీ ఒక పిల్లనో పిల్లవాడినో తరగతి గుమ్మంలో నిలబెట్టి వీపు మీద చెయ్యి వేసేదాన్ని.

ఆర్చ్ డ్యామ్ నీటి తోపుడిని తన మీద ఉంచుకోదు. వంపు వెంట అటూ ఇటూ పంపించి కొండలకి అప్పజెబుతుంది. ఇడుక్కిలో ఆ వంపు పక్కకే కాదు, నిలువునా ఉంటుంది. కింద నుంచి పైకి చూస్తే గోడ మన మీదికి కొంచెం వంగినట్టు కనిపిస్తుంది. కొండల పేర్లు కురవన్, కురత్తి. సీతారాములు స్నానం చేస్తుంటే చూశారని శాపం తగిలి రాళ్లయిపోయిన ఆలుమగలని అక్కడివాళ్లు చెప్తారు, మధ్యలో పెరియార్ ప్రవహించి ఇద్దర్నీ విడదీసిందట. డ్యామ్ వచ్చి మళ్లీ కలిపిందని చేట్టా భార్య చెప్పేది. నాన్న దండు పనిచేసింది కురవన్, కురత్తి గట్టిగా ఉన్నారో లేదో చూడటానికి.

ఆదివారాలు అన్నం క్యారియర్ పట్టుకుని నేను వెళ్లేదాన్ని. పని ఎలా జరిగేదంటే, ముందు బోరు. రాయి లోపలి నుంచి గుండ్రంగా, పొడుగ్గా కోసుకొచ్చిన ముక్కల్ని చెక్కపెట్టెల్లో వరసగా పేర్చేవాళ్లు, ఏ లోతుది ఏ ముక్కో పక్కన రాసి. ముక్కలు పొడుగ్గా వస్తే నాన్న మొహం వెలిగేది. పొట్టి పొట్టిగా, పిండిపిండిగా వస్తే అక్కడ రాయి చెదిరి ఉందని అర్థం. తర్వాత బోరు కడిగేవాళ్లు, నీళ్లతో, గాలితో. పగుళ్లలో మట్టి ఉంటే సిమెంట్ దానికి అంటుకుని ఏం లాభం? ఆ తర్వాత ఒట్టి నీళ్లు ఒత్తిడి పెట్టి ఎక్కించి, ఆ రాయి ఎన్ని నీళ్లు తాగుతోందో కొలిచేవాళ్లు. వాళ్ల భాషలో రాయి తాగుతుంది. "ఇది బాగా తాగుతోంది", "ఇది తాగడం మానేసింది" అనేవాళ్లు. పేషెంట్ గురించి మాట్లాడుకున్నట్టే ఉండేది.

చివరికి సిమెంట్ పాలు. మొదట బాగా పల్చగా, సన్న పగుళ్లలోకి కూడా దూరేలా. ఇంకా తాగుతూనే ఉంటే కొంచెం కొంచెం చిక్కబరుస్తారు. పంపు పక్కన గుండ్రటి గేజి, దాని ముల్లు వణుకుతూ ఉండేది. చేట్టా పంపు నడుపుతుంటే నాన్న ఆ ముల్లు మీద నుంచి కళ్లు తిప్పేవారు కాదు. ఒత్తిడి చాలకపోతే పాలు లోపలికి పోవు. ఎక్కువైతే అంతకంటే ప్రమాదం, కలిపి ఉన్న రాయి పొరలే పైకి లేచిపోతాయి. మేలు చేయబోయి కీడు చేసినట్టవుతుంది. అందుకే ఆ గేజి దగ్గర ఉన్నప్పుడు నాన్నని ఎవరూ పలకరించకూడదు. ఇంజనీరు వచ్చినా సరే, చెయ్యెత్తి ఆగమనేవారు.

నాకు ఒక పని ఉండేది. నా చిన్నతనంలో అంత గర్వంగా చేసిన పని మరొకటి లేదు. బోరులో ఎక్కించిన పాలు కొన్నిసార్లు ఏదో పగులు పట్టుకుని పోయి, చాలా దూరంలో కొండ చరియ మీద బయటికి వచ్చేస్తాయి. అది కనిపెట్టాలి. దండులో ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ కళ్లేసి ఉండేవాళ్లు, వాళ్లతోపాటు నేనూ. ఒకసారి నాకే ముందు కనిపించింది. తడి రాయి, దాని మీద పచ్చటి పాకుడు, ఆ పాకుడు మధ్యలోంచి బూడిదరంగు చుక్క ఒకటి. చూస్తుండగానే అది సన్నటి గీతలా జారింది. నేను "పాలు! పాలు!" అని అరిచాను. నాన్న చేట్టాకి సైగ చేసి పంపు నెమ్మది చేయించి, గోనెపీచు, చెక్క మేకులు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. పగులులోకి పీచు కూరి, మేకులు దిగ్గొట్టి, చేత్తో అదిమి పట్టుకున్నారు. బోరు ఎక్కడ, మేం నిలబడింది ఎక్కడ! రాయి లోపల అంత దూరం దారి ఉందని, ఆ దారిలో ఇప్పుడు నాన్న సిమెంట్ ఉందని ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

దూరం దూరంగా ముందు కొన్ని బోర్లు, అవి అయ్యాక వాటి మధ్యలో మరికొన్ని. మధ్యలో వేసినవి మొదటివాటికంటే తక్కువ తాగితే పని కుదిరినట్టు. ఇంకా ఎక్కువ తాగుతుంటే మళ్లీ వాటి మధ్యన బోర్లు. ఇదంతా చేసేవాళ్లకి విసుగు పుట్టించే పని. కాంక్రీట్ వేసే దండు రోజురోజుకీ పైకి లేస్తుంటే చూసి సంతోషపడేది. వీళ్లకి ఆ సంతోషం లేదు. రిజిస్టరులో అంకెలు తగ్గుతుంటే అదే సంతోషం.

అంత జాగ్రత్త ఎందుకో ఒక రాత్రి తెలిసింది. అప్పుడు నాకు పదేళ్లుంటాయి. 1959 డిసెంబర్ 2న ఫ్రాన్స్‌లో మాల్‌పాసే అనే ఆర్చ్ డ్యామ్ తెగిపోయిన సంగతి సైట్ ఇంజనీరు ఒకాయన మేస్త్రీలందరినీ కూర్చోబెట్టి చెప్పారట. నాన్న ఇంటికొచ్చి అన్నం తినకుండా అమ్మకి చెప్పారు. కాంక్రీట్‌లో లోపం లేదు. ఎడమ పక్క కొండలో రాయి కదిలింది. ఆ రాత్రి నీళ్లు కిందికి దూకి 400 మందికి పైగా చనిపోయారు. నాలుగేళ్ల తర్వాత ఇటలీలో వయాంట్ దగ్గర ఇంకో రకం. జలాశయంలోకి కొండచరియ మొత్తం జారిపడింది. నీళ్లు డ్యామ్ మీద నుంచి ఎగిరి అవతల పడి సుమారు 2000 మందిని మింగేశాయి. డ్యామ్ మాత్రం నిలబడే ఉంది, ఇప్పటికీ ఉంది. "రెండు చోట్లా గోడ మంచిదే" అన్నారు నాన్న. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు షిఫ్ట్‌కి రోజూ కంటే ముందే వెళ్లిపోయారు.

ఈ చోటు ఎలా దొరికిందో కూడా చెప్పాలి. 1922లో మలంకర ఎస్టేట్ సూపరింటెండెంట్ డబ్ల్యూ.జె. జాన్ వేటకి అడవిలోకి వస్తే, దారి చూపించడానికి కొలుంబన్ అనే గిరిజన పెద్ద వెంట వచ్చాడని అక్కడ చెప్తారు. కురవన్, కురత్తి కొండల మధ్య పెరియార్ దూరిపోయే ఆ సందుని చూపించింది కొలుంబనే. ఇక్కడ డ్యామ్ కట్టొచ్చన్న ఆలోచన అక్కడి నుంచి మొదలైంది. కెనడా ప్రభుత్వం సాయం చేసింది, అక్కడి ఇంజనీర్లు డిజైన్‌లో పాలుపంచుకున్నారు. అదంతా సరే. కానీ ఆ అడవిలో ప్రతి అడుగూ తెలిసిన మనిషి ఒకడు వేలెత్తి చూపించకపోతే ఇంకెన్నేళ్లు పట్టేదో. ఇప్పుడు డ్యామ్ దగ్గర ఆయన విగ్రహం ఉంది. అక్కడికి వెళ్లే తెలుగువాళ్లకి నేను తప్పకుండా చెప్తాను, ఆ విగ్రహం ముందు కాసేపు ఆగండని.

పోగొట్టుకున్నవాళ్ల మాట కూడా. 1961లో అయ్యప్పన్‌కోవిల్ ప్రాంతంలో సేద్యం చేసుకుంటున్న కుటుంబాలని ఈ ప్రాజెక్టు కోసం ఖాళీ చేయించి కుమిళి దగ్గర అమరావతి అనే చోట (మన అమరావతి కాదు) దించేశారు, జోరువానలో. వాళ్ల కోసం కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ అక్కడే నిరాహారదీక్ష చేశారు. చేట్టా దూరపు చుట్టాలు ఆ కుటుంబాల్లో ఉన్నారు. ఈ సంగతి చెప్తున్నప్పుడు ఆయన గొంతు మారిపోయేది, అయినా పొద్దున్నే పంపు దగ్గరికి వెళ్లేవాడు. నాన్నకి అది బాగా తెలిసిన బాధే. సాగర్‌లో నీళ్లు నిండితే ఇక్ష్వాకుల నాటి విజయపురి మునిగిపోయింది, దాంతోపాటు మనుషులు బతుకుతున్న ఊళ్లూ మునిగాయి. నాగార్జునకొండ కట్టడాలని కొండ మీదికి తరలించారు గాని ఊళ్లని ఎవరు ఎక్కించగలరు? రెండు డ్యామ్‌లలో పనిచేసిన మనిషిగా నాన్న ఆ విషయంలో ఎప్పుడూ తేలిగ్గా మాట్లాడలేదు. "మనం తినే అన్నం, వాళ్లు వదిలేసిన నేల" అనేవారు.

1973 ఫిబ్రవరిలో నీళ్లు నిలపడం మొదలుపెట్టారు. ఆ వేసవిలో మేం వెళ్లేసరికి డ్యామ్ వెనక, మునుపటి ఏడాది లారీలు తిరిగిన దారి కనిపించలేదు. అమ్మ చాలాసేపు ఆ నీళ్ల వంకే చూసింది. నాన్న మాత్రం గ్యాలరీలోనే ఎక్కువ ఉండేవారు. డ్యామ్ కడుపులో నడవడానికి దారులుంటాయి, వాటినే గ్యాలరీలంటారు. అక్కడ ఎక్కడెక్కడ ఊట వస్తోందో, నిన్నటికంటే ఇవాళ ఎంత పెరిగిందో చూడటమే పని. ఊట అసలు రాకుండా ఉండదు. వచ్చేది ఎంత, తేటగా ఉందా మురికిగా ఉందా అన్నదే లెక్క. తేటనీరు వస్తే ఫరవాలేదు, మట్టినీరు వస్తే లోపల ఏదో కొట్టుకుపోతోందని అర్థం. నీటిమట్టం ఒక్కో అడుగూ పెరుగుతుంటే నాన్నకి టెన్షన్ ఒక్కో అడుగూ పెరిగేది.

నాకు చాలా ఏళ్లు అర్థంకానిది ఒకటుంది. ఇంత చేస్తే ఇక్కడ కరెంటు ఎక్కడ తయారవుతోంది? ఆర్చ్ కింద పవర్‌హౌస్ లేదు. ఆర్చ్‌కి గేట్లు కూడా లేవు. ఒకే జలాశయాన్ని మూడు డ్యామ్‌లు కలిసి పట్టుకున్నాయి: ఇడుక్కి ఆర్చ్, దాని పక్కనే చెరుతోణి, దూరంగా కుళమావు. మూడింట్లో ఏది లేకపోయినా మిగతా రెండూ వృథా. మిగులు నీళ్లు వదిలే గేట్లు చెరుతోణికి ఉన్నాయి. కరెంటుకి నీళ్లు కుళమావు పక్క నుంచి సొరంగంలోకి దిగి, కొండ లోపల ఏటవాలుగా 650 మీటర్లకు పైగా కిందికి దూకి, మూలమట్టంలో భూగర్భంలో ఉన్న పవర్‌హౌస్‌కి చేరతాయి. చిన్నప్పుడు బస్సులో మలుపులు తిరుగుతూ ఎక్కామే, అదే కొండ. అమ్మ కళ్లు మూసుకున్న ఆ ఎత్తే ఆ కరెంటుకి మూలం. అక్కడ నీటి ధార కొట్టుడికి తిరిగే పెల్టన్ చక్రాలు ఆరు, ఒక్కోటి 130 మెగావాట్లు, మొత్తం 780. తిప్పి బయటికొచ్చిన నీళ్లు తొడుపుళ ఏటిలో కలుస్తాయి. అంటే పెరియార్‌లో పుట్టిన నీళ్లు వేరే నది దారి పడతాయి. చేట్టా వాళ్ల ఊరి ఏటిలో ఎండాకాలం కూడా నీళ్లుండటం అలా మొదలైంది.

మొదటి మెషీన్ 1975 అక్టోబర్‌లో తిరిగింది. 1976 ఫిబ్రవరి 12న ఇందిరా గాంధీ వచ్చి ప్రారంభించారు. అప్పటికే నాన్న పని అయిపోయి ఇంటికొచ్చేశారు. పేపర్లో ఫొటో చూసుకున్నారు. సాగర్‌లోనూ ఆమె చేతులమీదుగానే కదా అని ముచ్చటపడ్డారు. ఆయన తెచ్చుకున్నవి ఒక ట్రంకుపెట్టె, చేట్టా ఇచ్చిన మిరియాల మూట, పూర్తిగా వినపడని ఎడమ చెవి. జాక్‌హామర్ పక్కన ఇరవై ఏళ్లు నిలబడితే అంతే. చెవుల్లో పెట్టుకోవడానికి దూది తప్ప ఏ కాంట్రాక్టరూ ఏమీ ఇచ్చేవాడు కాదు ఆ రోజుల్లో. పరిహారమన్న మాటే ఎవరూ ఎత్తలేదు. నాకు ఆ విషయంలో ఇప్పటికీ కోపమే.

2008 ఓణం సెలవుల్లో నాన్నని తీసుకుని ఇడుక్కి వెళ్లాను. అప్పట్లో పండగ రోజుల్లో డ్యామ్ పైకి జనాన్ని వదిలేవారు. ఫోన్లు, కెమెరాలు గేటు దగ్గరే ఇచ్చేయాల్సి వచ్చింది. అది నాకు మంచిదే అనిపించింది, అందరూ కళ్లతోనే చూశారు. 1200 అడుగుల పొడవునా వంపు వెంట జనం. అందరూ మధ్యలో ఆగి కిందికి తొంగి చూస్తున్నారు. నాన్న ఎక్కడా ఆగలేదు. కర్ర పొడుచుకుంటూ నేరుగా అవతలి చివరికి వెళ్లి, కాంక్రీట్ రాయిలో కలిసేచోట నిలబడ్డారు. కింద ఎక్కడో చూపించి, "అదిగో ఆ మెట్టు దగ్గర. ఒక బోరు రెండు షిఫ్టులు తాగింది. సిమెంట్ బస్తాలు మోసి మోసి కుర్రాళ్లు అలిసిపోయారు" అన్నారు. నాకు అక్కడ గడ్డి, నల్లటి రాయి తప్ప ఏమీ కనిపించలేదు. వెనక నుంచి సెక్యూరిటీ అతను ముందుకు నడవండని తొందరపెట్టాడు. నాన్న వెళ్లడానికి ఇష్టపడకపోతే నేను అతనికి వచ్చీరాని మలయాళంలో చెప్పాను, ఈయన ఇక్కడ పనిచేశారని. అతను ఏమనుకున్నాడో, కాస్త పక్కకి జరిగి, జనాన్ని మా చుట్టూ తిప్పి పంపించాడు.

2018 ఆగస్టులో వరదలొచ్చినప్పుడు నాన్నకి ఎనభై రెండు. పొద్దుట నుంచి రాత్రి దాకా టీవీ ముందే. ఆగస్టు 9న 26 ఏళ్ల తర్వాత మొదటి గేటు ఎత్తారు. మర్నాడు అయిదూ ఎత్తేశారు. చెరుతోణి వంతెన మునిగిపోయే ముందు రక్షణ దళం మనిషి ఒకతను పసిపిల్లవాడిని ఎత్తుకుని దాని మీద పరిగెత్తిన దృశ్యం మీరూ చూసే ఉంటారు. మా ఇంట్లో అది చూసి అమ్మ ఏడ్చింది. టీవీలో పదే పదే "ఇడుక్కి గేట్లు ఎత్తారు" అంటుంటే నాన్న ఊరుకోలేకపోయారు. "ఆర్చ్‌కి గేట్లెక్కడివి? అవి చెరుతోణివి" అని టీవీకే చెప్తున్నారు. ఆయన భయం గేట్ల గురించి కాదని నాకు తెలుసు. జలాశయం 2403 అడుగుల పూర్తిమట్టం దగ్గరికి వచ్చేసింది. అంత బరువూ ఇప్పుడు ఎక్కడ పడుతోందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

రెండో రోజు సాయంత్రం చేట్టాకి ఫోన్ కలపమన్నారు. నంబరు పాత డైరీలో ఉంది, ఎన్నోసార్లు చేస్తే గాని కలవలేదు. అవతల ఆయన గొంతు వినగానే నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయనకీ చెవులు సరిగా వినపడవు, ఈయనకీ వినపడవు. అదే పాత భాష, తెలుగు, మలయాళం, తమిళం కలగలిపి, వీధి చివరిదాకా వినపడేలా ఇద్దరూ అరుచుకున్నారు. ఇల్లు మునిగిందా, మనుషులు క్షేమమా అన్నవి రెండు ముక్కల్లో అయిపోయాయి. ఆ తర్వాత నాన్న అడిగింది గ్యాలరీ గురించే. ఊట ఎంత వస్తోంది? తేటగా ఉందా? ఎడమ పక్కా, కుడి పక్కా? చేట్టాకి మాత్రం ఏం తెలుస్తుంది, తొడుపుళలో ఇంట్లో కూర్చున్న ముసలాయన. అయినా తెలియదని అనలేదు. మేనల్లుడు కరెంటు బోర్డులోనే పనిచేస్తున్నాడట, వాణ్ణి అడిగి రేపు చెప్తానన్నాడు. నాన్న ఫోన్ నా చేతికిచ్చి, "రేపు పొద్దున్నే మళ్లీ చెయ్యి అమ్మాయ్, పది దాటితే వాడు పొలం వెళ్లిపోతాడు" అన్నారు.